పరామర్శకు వచ్చిన కుర్చీ

మా ఊరి దొర పట్నంలో పోయాడని సిద్దిపేట అంగడికి వెళ్లి వచ్చినవాళ్లు చెప్పారు. అంగట్లో అందరిదీ ఒకటే మాటట. మెత్తని మనిషి, ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు, ఎవరింట్లో చావైనా కండ్లనీళ్లు పెట్టుకునేవాడు అని. ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఒకాయన నా పక్కకు వచ్చి, ప్రార్థనలో దొర పేరు కూడా ఎత్తితే బాగుండేదని మెల్లగా అన్నాడు. చనిపోయినవాళ్లకు తీర్పు తీర్చేవాడు పైన ఉన్నాడు, ఆయన పని ఆయనకు వదిలేద్దాం అన్నాను. తీర్పు నాది కాదు. కానీ కండ్లతో చూసినదాన్ని చూసినట్టు చెప్పడం విశ్వాసి పని. అంగట్లో చెప్పుకునే ఆ మెత్తదనాన్ని నేను దగ్గర నుంచి చూశాను.

ఆయన ఏడ్చేవాడన్నది నిజమే. అది దొంగ ఏడుపని కూడా అనను. నీళ్లు నిజంగానే వచ్చేవి, చెంపల మీద జారేవి, మీసం చివర నిలిచేవి. ఆయన దగ్గర ఎప్పుడూ రెండు రుమాళ్లు ఉండేవి. తెల్లది కండ్లకు. అత్తరు చల్లిన పచ్చది ముక్కుకు. పేదవాళ్ల వాడలోకి పరామర్శకు వచ్చినప్పుడు రెండింటికీ పని ఉండేది. పోయినవాళ్ల పేరు అడిగి, ఆ పేరును నెమ్మదిగా రెండుసార్లు పలికి, తల ఎడమవైపుకు వాల్చి, "నా ఇంట్ల పీనుగు లేసినట్టే ఉన్నది" అనేవాడు. పక్క ఇంటికి వెళ్లేసరికి ఆ పేరు మరిచిపోయేవాడు. అక్కడ ఇంకో పేరు ఉండేది, మళ్లీ రెండుసార్లు.

ఆయన మేనమామ కాలంలో దొరలుండే గడీ ముందు మనుషులను గుంజకు కట్టి కొట్టేవారని ముసలివాళ్లు చెప్పేవారు. ఈయన కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఏ విన్నపంతో వెళ్లినా శ్రద్ధగా వినేవాడు, మధ్యమధ్య "అయ్యో" అనేవాడు, చివరికి "పొద్దుగాల మాట్లాడుదాం" అని పంపేవాడు. ఆ పొద్దు ఎన్నడూ తెల్లవారేది కాదు. మేనమామ కొరడా కంటే ఈ మాటే ఎక్కువమందిని ఇంటికి తిప్పి పంపింది. కొరడాదెబ్బ తిన్నవాడికి కోపమైనా మిగిలేది. ఈయన దగ్గరికి వెళ్లి వచ్చినవాడు దొర ఎంత మంచివాడో చెప్పుకుంటూ ఖాళీ చేతులతో నడిచేవాడు.

ఇక కుర్చీ సంగతి. దొర పరామర్శకు బయలుదేరితే ఆయనకంటే ముందు ఆయన కుర్చీ బయలుదేరేది. చేతులున్న బెత్తపు కుర్చీ, పట్నం నుంచి తెప్పించినది. దాన్ని నెత్తిన పెట్టుకుని ముందు నడవడం వాడవాళ్ల వెట్టి. ఇంటి వరుసన వంతు వచ్చేది. మా దిక్కున చావింటికి పోయినవాడు నేల మీద కూర్చుంటాడు. షావుకారైనా, పటేలైనా అంతే. ఏడ్చేవాళ్లు నేల మీద ఉంటే వచ్చినవాడు వాళ్లకంటే ఎత్తులో ఉండకూడదు. లేఖనాల్లో కూడా అంతే ఉంది. సర్వం పోయి బూడిదలో కూలబడ్డ భక్తుడి దగ్గరికి స్నేహితులు వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా అతనితోపాటు నేల మీద కూర్చున్నారు. తర్వాత నోరు తెరిచి చెడగొట్టుకున్నారు గానీ, కూర్చున్నంతసేపు వాళ్లు మంచి స్నేహితులే. మా దొర నోరు తెరిచే వచ్చేవాడు, కుర్చీ వేసుకునే కూర్చునేవాడు.

నేను అప్పుడు మిషనువారు పంపిన ఉపదేశిని. సిద్దిపేట నుంచి దుబ్బాక బాటన పొద్దున నడక మొదలుపెడితే అంబటాళ్లకు, అంబలి తాగే వేళకు, వచ్చే ఊరు అది. వాడలో పిల్లలకు అక్షరాలు, పెద్దలకు వాక్యం చెప్పేవాణ్ణి. వాడ ఊరికి దిగువన, చెరువు కట్ట కింద పల్లంలో ఉండేది. అక్కడ ఎవరూ కోరి ఇల్లు కట్టుకోలేదు. మిగిలిన జాగ అదే. దానికి ఎగువన మెరక మీద విశాలమైన గడ్డ ఉండేది. అది దొరది. అందులో ఆయన గుర్రాలు రెండు మేసేవి.

చెరువు నిండితే అదనపు నీళ్లు పొర్లిపోవడానికి ఒక పక్కన రాతితో కట్టిన మత్తడి ఉంటుంది. ఆ ఏడు దొర కొత్తగా కొంత నేల వరికి తెచ్చాడు. దానికి నీళ్లు చాలాలని మత్తడి మీద తాటి మొద్దులు పరిచి, మట్టి పోయించి మూరెడు ఎత్తు పెంచాడు. ఆ మట్టి మోసింది వాడవాళ్లే, వెట్టికి. వాళ్లు తట్టలు మోస్తుంటే నేను కట్ట మీద నిలబడి చూశాను. ఎత్తు పెరిగితే నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, నిలిచిన నీళ్లు కట్టను నెడతాయి, కట్ట కింద ఉన్నది తమ ఇళ్లు. ఇది తెలియనివాళ్లు ఆ తట్టలు మోసినవాళ్లలో ఒక్కరూ లేరు. దొరకు తెలియదని కూడా ఎవరూ అనలేరు.

వానకాలం మధ్యలో ముసురు పట్టింది. ఎడతెరిపి లేదు. చెరువు నీళ్లు మట్టి అంచుకు తాకాయి. మత్తడి మీద గడీ మనుషులు కర్రలతో కాపలా ఉన్నారు, మట్టి ఎవరూ తవ్వకుండా. పొద్దుగూకక ముందే వాడ పెద్దలు నలుగురు గడీకి పోయారు, నన్ను తోడు పిలిచారు. దానయ్య అనే పడుచువాడు అందరి తరఫున మాట్లాడాడు.

"మత్తడి మీది మట్టి మేమే తీస్తం దొరా. నీ సెలవైతే సాలు."

దొర మమ్మల్ని చూసి చలించిపోయాడు. గొంగళ్ల నుంచి కారుతున్న నీళ్లు చూసి తెల్ల రుమాలు తీశాడు. ఇంత వానలో తడుస్తూ వచ్చారా, నా పాణం తరుక్కుపోతుందిరా అన్నాడు. లోపలికి కేక వేసి వేడి అంబలి పోయించాడు. మేము తాగేదాకా నిలబడి చూశాడు. తాగడం అయ్యాక దానయ్య మళ్లీ అడిగాడు. దొర తల ఎడమవైపు వాల్చాడు.

"పొద్దుగాల మాట్లాడుదాం."

తెల్లవారకముందే కట్ట తెగింది.

ఆ తర్వాత చూసినదంతా ఇక్కడ రాయను. వాడలో ఏడవని ఇల్లు మిగల్లేదు. దానయ్య తల్లి నర్సవ్వను ఒక తుమ్మకొమ్మ పట్టి ఆపింది. దానయ్య చేతికి అందినవాళ్లను అందినట్టు కట్ట మీదికి లాగాడు. వాళ్లలో అతని భార్య బాలమ్మ లేదు, ఇద్దరు పిల్లలు లేరు. వాడ శ్మశానం కూడా పల్లంలోనే ఉండి నీళ్లలో మునిగింది. పీనుగులను ఎక్కడ పెట్టాలని గడీకి మనిషిని పంపితే, గడ్డ అంచున పెట్టుకోమని దొర సెలవిచ్చాడు. ఆ మాట చెబుతూ ఏడ్చాడట. ఆయన ధర్మం ఊరంతా పాకింది. పాతిపెట్టే ప్రార్థన నేనే చేశాను. ఆ రోజు నా నోటికి వచ్చిన వాక్యాలు తక్కువ.

నీళ్లు తీశాక దొర పరామర్శకు వచ్చాడు. ముందుగా కుర్చీ వచ్చింది. అది దానయ్య నెత్తి మీద ఉంది.

ఆ రోజు వంతు అతనిదే. వంతు వస్తే పోవాలి. జ్వరమైనా, పెళ్లైనా, చావైనా పోవాలి. అది అందరి ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఆ పొద్దున అతను లేచి గడీకి నడిస్తే ఎవరూ ఆపలేదు, ఎందుకని అడగలేదు. ఒండ్రు మట్టిలో కాళ్లు లాక్కుంటూ వచ్చి, తన తల్లి ముందు కుర్చీ దించి, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. దొర గొడుగు కింద నడిచి వచ్చి కూర్చున్నాడు. నర్సవ్వ బురదలో కాళ్లు చాపుకుని ఉంది. ఆమె తల ఆయన మోకాళ్ల ఎత్తున ఉంది.

"ఎవరు పోయిన్రు అవ్వా?"

"కోడలు దొరా. ఇద్దరు పిల్లలు."

"కోడలు పేరేంది?"

చెప్పింది. దొర ఆ పేరును రెండుసార్లు పలికాడు. తెల్ల రుమాలు కండ్లకు, పచ్చ రుమాలు ముక్కుకు పోయాయి. తన ఇంట్లో పీనుగు లేచినట్టే ఉందన్నాడు. కాసేపు అయ్యాక అడిగాడు.

"నీ కొడుకేడి? పిలువు, వానికి ఒక మాట సెప్పి పోత."

నర్సవ్వ తల ఎత్తలేదు. "నీ ఎన్కనే ఉన్నడు దొరా. నువ్వు కూసున్న కుర్చి మోసుకొచ్చింది వాడే."

అక్కడున్నవాళ్లం అందరం ఆయన వైపు చూశాం. ఆ క్షణంలో లేచి నిలబడితే చాలు, నేను ఇవాళ ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు. లేవలేదు. కూర్చున్నచోటే నడుము తిప్పి దానయ్యను చూశాడు. ముఖంలో జాలి ఉంది, దానితో పాటు చిన్న మందలింపు కూడా ఉంది, పిల్లవాడు తెలియక చేసిన పనికి పెద్దలు చేసేటంతది.

"అయ్యో, వంతు మార్చుకోవద్దారా? ఇంకొకన్ని పంపితే నేనేమన్న అంటనా?"

నర్సవ్వే అన్నది. "మార్చుకుందామంటె ఏడువనిది ఏ ఇల్లున్నది దొరా?"

దొర ఆకాశం వైపు చూశాడు. "నా చేతుల ఏమున్నది. పైవాడు గంత పని జేసిండు."

సిద్దిపేట నుంచి గుర్రం మీద వచ్చిన అధికారికి కూడా అదే చెప్పాడు. ఆకాశానికి చిల్లు పడిందని, దైవం పగబట్టిందని. అధికారి తెగిన కట్టను చూశాడు, మత్తడి దాకా నడవలేదు. గడీలో భోజనం చేసి వెళ్లాడు. నా దేవుణ్ణి నేను ఎరుగుదును. నీళ్లను పొడి నేల నుంచి వేరు చేసినవాడు, వాటికి హద్దు గీసినవాడు. ఆయన మత్తడి మీద తాటి మొద్దులు పరవలేదు. మట్టి పోయించలేదు. కర్రలిచ్చి కాపలా పెట్టలేదు. దేవుడు లేడనే మనిషిని నేను భరించగలను, వాడు కనీసం తన పాపం తన నెత్తినే పెట్టుకుంటాడు. తన చేతి మట్టిని తీసుకెళ్లి దేవుడి చేతికి పూసి, ఆ పైన కండ్లు తుడుచుకునేవాణ్ణి చూస్తే నాకు అసహ్యం. ఇంత వయసు వచ్చినా ఆ అసహ్యం పోలేదు, పోవాలని నేను ప్రార్థించను కూడా.

దొర లేవబోతుండగా నర్సవ్వ అసలు మాట అడిగింది. వాడంతా ముందే అనుకున్న మాట అది. వానకాలం ఇంకా సగం ఉంది. తెగిన కట్ట పోయడానికి గడీ వాళ్లు అప్పుడే గంపలు లెక్క చూస్తున్నారు. మళ్లీ అదే పల్లంలో ఇళ్లు వేస్తే మళ్లీ అదే గతి. గడ్డ మీద ఇల్లు వేసుకోనిమ్మని అడిగింది. దొర అయ్యో అన్నాడు, తల ఎడమవైపు వాల్చాడు. ఏం రాబోతుందో మాకు తెలిసింది.

"పొద్దుగాల మాట్లాడుదాం అవ్వా."

ఎవరూ కదలలేదు. నర్సవ్వ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"సచ్చినోల్లకు గడ్డ, బతికినోల్లకు పల్లమా దొరా?"

దొర మళ్లీ ఏడ్చాడు. ఏడుస్తూనే వెళ్లాడు. కుర్చీ ముందు నడిచింది.

పచ్చి గోరీలను నక్కలు తవ్వుతాయి. ముళ్లకంప కప్పి, మనిషి కాపలా ఉండడం మా దిక్కున ఉన్నదే. దానయ్య బాలమ్మ గోరీ పక్కన నాలుగు గుంజలు పాతి, ఈతాకు కప్పి అందులో ఉండిపోయాడు. పక్క గోరీవాళ్లు ఇంకోటి వేశారు. పొయ్యి రాళ్లు పెట్టారు, దండేలు కట్టారు, కోళ్లు వచ్చాయి. ఎవరూ సెలవు అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందో అందరికీ తెలుసు. గడీ మనుషులు వచ్చి ఇదేంది, దొర గడ్డ మీద గుడిసెలా అని గద్దించారు. నర్సవ్వ పొయ్యి ఊదుతూనే జవాబు చెప్పింది. "గోరీలకు కావలి ఉన్నం బిడ్డా. దొర ఏడ్సి ఏడ్సి ఇచ్చిన జాగ, నక్కల పాలు జేస్తమా?" పకపకా నవ్వులు వినిపించాయి. వరద తర్వాత ఆ వాడ నవ్వడం అదే మొదలు.

దొర తనే వస్తున్నాడని కబురు వచ్చింది. నచ్చజెప్పి కిందికి దించుతాడట. ఆ రోజు వంతు దానయ్యది కాదు. వంతువాడి ఇంటికి పోయి అడిగి తీసుకున్నాడు.

గడ్డ ఎక్కే బాట పాత వాడ మధ్య నుంచే పోతుంది. మేమంతా పైన గోరీల దగ్గర కూర్చుని చూస్తున్నాం. కుర్చీ ముందు వచ్చింది. బాటలో సగానికి వచ్చి, ఒండ్రు మేట వేసిన ఒకచోట ఆగింది. దానయ్య దాన్ని దించాడు. పైకి ఆరినట్టు కనిపించే ఒండ్రు అది. దొర గొడుగు పట్టించుకుని వచ్చి, గడ్డ వైపు చూసి, కుర్చీ వైపు చూసి, ఇక్కడెందుకు దించావురా అన్నాడు.

"ఇది నా ఇల్లు దొరా. నువ్వు నిలబడ్డ కాడ పొయ్యి ఉండె. పైనుంచి దిగి గీడనే ఉండుమంటున్నవట గద. కూసో. గీడ మనిషి ఉండొచ్చునో లేదో నువ్వే జూసి సెప్పు."

గొంతులో కోపం లేదు. గడ్డ మీద ఉన్న మాకు ప్రతి మాటా వినిపించింది. దొరకు కూర్చోవడం తప్ప వేరే దారి కనపడలేదేమో, అలవాటే కూర్చోబెట్టిందేమో, కూర్చున్నాడు. పచ్చ రుమాలు అప్పటికే ముక్కు దగ్గర ఉంది. తెల్ల రుమాలు తీయబోయేలోగా కుర్చీ వెనక కాళ్లు జానెడు లోపలికి దిగబడ్డాయి. దొర మోకాళ్లు పైకి లేచాయి, చెప్పులు గాల్లోకి వచ్చాయి. గొడుగువాడు గొడుగే పట్టుకుని నిలబడ్డాడు. దొర దానయ్య వైపు చెయ్యి చాపాడు. దానయ్య చేతులు కట్టుకుని ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

ఎట్లాగో ఒక పక్కకు ఒరిగి, బురదలో చెయ్యి ఆనించి లేచాడు. అప్పుడు మా వైపు తిరిగిన ముఖంలో చుక్క నీరు లేదు. ఆయన ముఖం పొడిగా ఉండగా నేను చూసింది అప్పుడే. అది చాలా మామూలు ముఖం, భయపడ్డ షావుకారు ముఖంలాంటిది. ఒక్క మాట లేకుండా వెనక్కి నడిచాడు. కుర్చీ మోసుకురమ్మని కూడా అనలేదు.

వాడ గడ్డ మీదనే నిలిచింది. కట్ట పోశాక మత్తడి మీద మట్టి వేయడానికి వెట్టికి పిలుపు వస్తే గడ్డ దిగి ఒక్కరూ పోలేదు. దొర సిద్దిపేటలో పెద్దవాళ్ల మధ్య కూర్చుని, వరద బాధితులకు తన సొంత గడ్డ దానం చేశానని చెప్పుకున్నాడు. చెబుతూ కండ్లు తుడుచుకున్నాడట. అంగట్లో ఇవాళ జనం తలచుకుంటున్న మంచితనంలో అదీ ఉంది. తర్వాత కొన్నాళ్లకు దొరలకు ఊళ్లలో ఉండే ధైర్యం పోయింది, ఆయనా పట్నం చేరాడు. ఒండ్రులో వదిలేసిన కుర్చీని పిల్లలు పీకి తెచ్చారు. దాని మీద రాత్రిళ్లు కోళ్లు ఎక్కుతాయి.

మొన్న దొర దినాలకు దొరసాని పట్నం నుంచి గడీకి వచ్చిందని తెలిసి నర్సవ్వ నన్ను తోడు రమ్మంది. ఆ గడప తొక్కనన్నాను. "నువ్వు వాక్యం సెప్పేటోనివి పంతులు, నడువు" అంది. గడీలో పెద్దవాళ్లంతా ఒక పక్క బల్లల మీద ఉన్నారు. దొరసాని ఒక్కతే లోపలి అర్రలో చాప మీద గోడకు ఆనుకుని ఉంది. నర్సవ్వ పోయి ఆమె ఎదురుగా వట్టి నేల మీద కూర్చుంది. పనిమనిషి పీట తెస్తే పక్కకు జరిపింది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఆ తర్వాత దొరసాని అడిగింది, నువ్వెవరివే అవ్వా అని.

"దొర కుర్చి మోసినోని తల్లిని."

"ఏ కుర్చి?"

నర్సవ్వ ఆమె ముఖం చూసింది. ఆమెకు నిజంగానే తెలియదు. ఆ ఇంట్లో ఆ మాట ఎన్నడూ ఎవరూ ఎత్తలేదు. "ఉండెలే బిడ్డా ఒక కుర్చి" అని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

నర్సవ్వ చెప్పలేదు కనుక నేను చెబుతున్నాను.